స్టెల్లాతో మాటలు

రామకోటేశ్వరరావు ముప్పై నాలుగేళ్ళుగా బుల్లెట్ నడుపుతున్నాడు. ఇన్నేళ్ళలో ఒక్క కోడిపిల్లను కూడా తొక్కించలేదని ఆయనకు మహా గొప్ప. అడిగినా చెబుతాడు, అడగకపోయినా చెబుతాడు. దానికి కారణం హారన్ అని కూడా ఆయనే చెబుతాడు. ముందు మనిషి కనబడితే హారన్, మలుపొస్తే హారన్, గట్టు చాటున గేదె తోక ఊగినా హారన్. వెనక నుంచి వస్తున్నామని ముందువాడికి తెలియజెయ్యకుండా పక్కనుంచి దూసుకుపోవడం ఏం సంస్కారమని టీ కొట్టు దగ్గర కుర్రకారుకు క్లాసు పీకుతుంటాడు. వాళ్ళు వినయంగా తలూపి, ఆయన అటు వెళ్ళగానే నవ్వుకుంటారు.

ఆయన ఊరి నుంచి కంకిపాడు వెళ్ళాలంటే కాలువ కట్టే దారి. ఒక పక్క కాలువ, ఒక పక్క చేలు. ఎదురుగా ట్రాక్టరొస్తే బండిని గడ్డిలోకి దించి నిలబడాల్సిందే, అంతే వెడల్పు. పొద్దున ఆరింటికి ఆ కట్ట మీద పాలవాళ్ళు వెళతారు, కూరగాయల మూటలు కట్టుకున్న మోపెడ్లు వెళతాయి, కంకిపాడులో కాఫీ తాగితే తప్ప తెల్లవారదనుకునే రామకోటేశ్వరరావు వెళతాడు. ఏడాదిన్నరగా ఒక గుర్రం కూడా వెళుతోంది.

దాని పేరు స్టెల్లా. ఎర్రటి ఆడగుర్రం, నుదుటి మీద తెల్ల మచ్చ. దాన్ని కొన్నది జయపాల్. మిలటరీలో గుర్రాలను సాకే విభాగంలో పాతికేళ్ళు పనిచేసి, పెన్షన్ మీద ఊరికొచ్చిన మనిషి. తనకొచ్చిన విద్యంతా కూతురు డయానాకు నేర్పాడు. ఆ అమ్మాయి డిగ్రీ అయ్యాక కంకిపాడు అవతల ఒక ఖాళీ స్థలం చూసుకుని పిల్లలకు గుర్రపు స్వారీ నేర్పడం మొదలుపెట్టింది. విజయవాడ నుంచి తల్లిదండ్రులు కార్లలో తెచ్చి దింపే పిల్లలు పదకొండు మంది. ఉన్నది ఒక్క గుర్రం. ఇంట్లో ఎవరూ చెయ్యని పని తను చేస్తున్నానని డయానాకు లోలోపల గర్వం, ఆ గర్వం న్యాయమైనదే.

కట్ట మీద వెళ్ళేవాళ్ళు వెనక నుంచి ఆ అమ్మాయిని చూడగానే దూరం నుంచే గొంతెత్తి, “ఏమ్మాయ్, వస్తన్నానే,” అనో, “క్లాసుకేనా తల్లీ?” అనో పలకరించి, బండి నెమ్మది చేసి, కాస్త ఎడంగా దాటి వెళ్ళేవారు. ఇలా చెయ్యాలని వాళ్ళకెవరూ నేర్పలేదు. దారిలో తెలిసిన మనిషి కనబడితే పలకరించకుండా పోవడం మన దగ్గర ఎవరికీ చేతకాదు, అంతే. రామకోటేశ్వరరావు ఒక్కడే పలకరించేవాడు కాదు. జయపాల్ ఇంటికీ ఆయన ఇంటికీ మాటల్లేవు. తొమ్మిదేళ్ళుగా లేవు. అందుకని హారన్ కొట్టేవాడు.

నవంబరులో ఒక శుక్రవారం మంచు బాగా పట్టింది. హెల్మెట్ అద్దం మీద చెమ్మ. ఆ హెల్మెట్ భవానీపురంలో కాపురముంటున్న కూతురు సుస్మిత ఒట్టు పెట్టించుకుని మరీ ఇచ్చింది. ముందు గుర్రం కనబడగానే ఆయన అలవాటుగా హారన్ కొట్టాడు. గుర్రం పక్కకు నాలుగడుగులు వేసింది. డయానా వెనక్కి తిరక్కుండానే చెయ్యి పైకెత్తింది. ఆగమనో, వెళ్ళమనో ఆయనకు అర్థం కాలేదు. మామూలుగా అయితే “ఏంటమ్మా?” అని అడిగేవాడు. మాటల్లేని ఇంటి పిల్లను ఎలా అడుగుతాడు? ఇంకోసారి హారన్ కొట్టి, బండి ముందుకు లాగాడు.

గుర్రం గిర్రున తిరిగింది. ముందుకాళ్ళు రెండూ గాల్లోకి లేచాయి. డయానా కంకర మీద పడింది, ఎడమ చెయ్యి ఒంటి కింద నలిగేలా.

ఆయన బండి పడేసి పరుగెత్తాడు. “దెబ్బ తగిలిందామ్మా?” అన్న మాట తొమ్మిదేళ్ళ నిషేధాన్ని దాటుకుని దానంతటదే బయటికొచ్చింది.

డయానా నొప్పికి పెదవి కొరుక్కుంటూ ఆయన్నే చూసింది. “హారన్ ఎందుకు కొట్టారండీ?”

“వస్తన్నానని చెప్పొద్దా మరి?”

“నోటితో చెప్పొచ్చు కదండీ.”

ఆయన ఆమెను లేపి కూర్చోబెట్టాడు. పాల ఆటో ఒకటి వస్తే అందులో అమ్మాయిని ఎక్కించి పంపాడు. కాసేపటికి జయపాల్ వచ్చాడు. చేలో కోతకొచ్చిన వరి తొక్కుకుంటూ దూరంగా నిలబడిన గుర్రాన్ని నోటితోనే బుజ్జగించి పట్టుకున్నాడు. రామకోటేశ్వరరావు ముందునుంచే నడిపించుకుపోయాడు, అక్కడ మైలురాయి తప్ప మనిషి లేనట్టు. ఒక్క తిట్టు తిట్టినా ఆయనకు ప్రాణం కుదుటపడేది.

ఇంటికెళ్ళి భార్య కనకలక్ష్మితో, “నేను హారన్ కొట్టాను కదే,” అన్నాడు.

“కొట్టారనేగా ఊరంతా అంటంది,” అంది ఆవిడ.

మాటలెందుకు పోయాయో ఇక్కడే చెప్పాలి. రామకోటేశ్వరరావు, జయపాల్ ఒకే బెంచీ మీద పదో తరగతిదాకా చదువుకున్నారు. జయపాల్ మిలటరీ నుంచి సెలవుకు వచ్చినప్పుడల్లా మొదటి రోజు సాయంత్రం బుల్లెట్ వెనక కూర్చుని ఊరు తిరగాల్సిందే. సుస్మిత పెళ్ళి కుదిరినప్పుడు మొగుడూపెళ్ళాలు కుంకుమ భరిణ పట్టుకుని ఇంటింటికీ వెళ్ళి బొట్టు పెట్టి పిలిచారు. జయపాల్ ఇంటికి మాత్రం కార్డు ట్రాక్టరు డ్రైవరుతో పంపారు. వాళ్ళు చర్చికి వెళ్ళేవాళ్ళు, బొట్టు పెట్టుకోరు, బొట్టు పెట్టనప్పుడు వెళ్ళి పిలిచేదేముందని రామకోటేశ్వరరావు వాదన. జయపాల్ పెళ్ళికి రాలేదు. “నా కూతురు పెళ్ళికి రాని వాడితో నాకేంటి మాట?” అని ఈయన పట్టుదల. పిలవని పెళ్ళికి ఎవరొస్తారని ఎవరూ ఆయన్ని మొహం మీద అడగలేదు.

ఆదివారం సాయంత్రం కోత మిషన్ చేలో తిరుగుతుంటే ఆయన గట్టు మీద నిలబడి చూస్తున్నాడు. డయానా వచ్చింది. చేతికి కట్టు, మెడకు వేలాడేసిన పట్టీ. చిన్నప్పుడు ‘పెదనాన్నా’ అని వెంటపడి తిరిగిన పిల్ల, ఇప్పుడు రెండు గజాల దూరంలో ఆగి ‘నమస్తే అండీ’ అంది. ఆ ‘అండీ’ ఆయనకు గుచ్చుకుంది.

“స్టెల్లా కట్ట ఎక్కటం లేదండీ. బుల్లెట్ చప్పుడు వినబడితే చాలు, నాలుగు కాళ్ళూ పాతేసి నిలబడిపోతంది. నాన్న అమ్మేస్తానంటన్నాడు. వచ్చే ఆదివారం హైదరాబాద్ నుంచి ఎవరో వస్తారంట చూడ్డానికి.”

“అయ్యో,” అన్నాడు. వెంటనే, “ట్రీట్‌మెంటుకు ఎంతయిందో...” అని మొదలుపెట్టాడు.

“దాని కోసం రాలేదండీ.” డయానా మిషన్ వైపు చూస్తూ ఆగింది. తరవాత నెమ్మదిగా చెప్పింది. “మిగతావాళ్ళ బండ్లకు అది బెదరదు. దూరం నుంచే మాట్లాడతారు కాబట్టి వచ్చేది మనిషని దానికి తెలుస్తది. మీరు హెల్మెట్ పెట్టుకుని, మాటా పలుకూ లేకుండా, హారన్ కొట్టుకుంటా వస్తారు. దానికి మీరు మనిషని తెలీదండీ.”

ఎవరైనా తిట్టడానికి అన్నా ఆ మాట ఆయనకు అంత తగిలేది కాదు. ఆ పిల్ల తిట్టడానికి అనలేదు. ఉన్న విషయం చెప్పింది.

“నేనేం చెయ్యాలమ్మా?”

“రేపటి నుంచి శనివారం దాకా రోజూ పొద్దున్నే కట్ట మీదకు రావాలండీ. దూరంగా బండి ఆపి, ఇంజన్ ఆన్‌లోనే ఉంచి, హెల్మెట్ తీసి మాట్లాడాలి. రోజుకు కాస్త దగ్గరికి. అది మీకు అలవాటు పడాలి.”

“ఏం మాట్లాడను?”

“ఏదైనా.”

“నా చెయ్యి ఇలా ఉంది కాబట్టి నాన్నే ఎక్కుతాడు,” అని కూడా చెప్పింది. ఆయన మొహం మారడం చూసి, “మీరు మాట్లాడాల్సింది నాన్నతో కాదండీ, స్టెల్లాతో,” అంది.

సోమవారం తెల్లవారుతూనే వెళ్ళాడు. ఇంత దూరంలో ఆపమని డయానా చెయ్యి చూపించింది. అవతల ఎర్ర గుర్రం, దాని మీద నిటారుగా జయపాల్, చూపు కాలువ మీద. రామకోటేశ్వరరావు హెల్మెట్ తీసి ట్యాంకు మీద పెట్టుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

“ఏమ్మా స్టెల్లా, బాగున్నావా?”

ఆ తరవాత ఇంకో మాట రాలేదు. పాలక్యాన్లతో వెళుతున్న యేసుకుమార్ బండి ఆపి మరీ, “ఏంటి కోటేశ్వర్రావుగారూ, గుర్రంతో కబుర్లా?” అన్నాడు. ఆయనకు తల కాలువలో పెట్టుకోవాలనిపించింది. అయినా అరగంట నిలబడ్డాడు. వరి ఎకరానికి ఎన్ని బస్తాలైందో చెప్పాడు. చెప్పి, గుర్రానికి బస్తాల లెక్కెందుకని తనలో తనే విసుక్కున్నాడు.

రెండో రోజుకు కొంచెం నోరు తిరిగింది. ఇంజన్ రేస్ చెయ్యకూడదని, దాని వెనక నుంచి రాకూడదని, దాటాక కూడా కొంత దూరం పోయేదాకా స్పీడు అందుకోకూడదని డయానా ఒక్కొక్కటే చెబుతుంటే బడిపిల్లాడిలా తలూపాడు. గుర్రం చెవులు తన వైపు నిక్కితే భయపడుతోందనీ, ఒక చెవి అటూ ఒక చెవి ఇటూ పడేస్తే నింపాదిగా ఉందనీ తెలిసింది. ముప్పై నాలుగేళ్ళు బండి నడిపాడే గానీ, తన బండి ఎదుటి ప్రాణికి ఎలా వినబడుతుందో ఎప్పుడూ ఆలోచించలేదు. ఆ సంగతి ఆయనకు మొదటిసారి సిగ్గుగా అనిపించింది.

బుధవారం నుంచి మాటలు వెతుక్కోవాల్సిన పని లేకపోయింది. కనకలక్ష్మి మోకాళ్ళ నొప్పుల గురించి చెప్పాడు. మినుములు చల్లాలా వద్దా అన్న సందేహం చెప్పాడు. సుస్మిత రెండో కాన్పుకు వచ్చినప్పుడు పిల్లాడు ఉమ్మనీరు మింగితే తనెంత కంగారుపడ్డాడో చెప్పాడు. గురువారం, మునుపెన్నడూ నోరు విప్పనిది, రెండేళ్ళ కింద గుండెకు స్టెంటు వేసిన సంగతి చెప్పాడు. “లోపలికి తీసుకెళ్తంటే భయమేసింది స్టెల్లా. కనకలక్ష్మితో కూడా అనలా. స్ట్రెచర్ మీద పడుకుని, ఇప్పుడు పక్కన ఎవరుంటే బాగుండునా అని ఆలోచించా.” ఎవరో చెప్పలేదు. గుర్రం మీద జయపాల్ కాలువ మీది నుంచి చూపు తిప్పి మొదటిసారి ఆయన మొహంలోకి చూశాడు. చూసి మళ్ళీ తిప్పేసుకున్నాడు.

నిజం చెప్పాలంటే ఆ నాలుగు రోజుల్లో రామకోటేశ్వరరావు గుర్రంతో చెప్పినవన్నీ తొమ్మిదేళ్ళుగా జయపాల్‌కు చెప్పుకోవాలని దాచుకున్నవే. ఆ ముక్క ఆయనకు తెలుసు, పైన కూర్చున్నవాడికీ తెలుసు.

శుక్రవారం గుర్రం పది గజాల దగ్గరికి వచ్చి ఆగిపోయింది. ఎంత మాట్లాడినా ఒక్క అడుగు వెయ్యలేదు. ముక్కుపుటాలు ఎగరేసి బుసకొట్టింది. జయపాల్ వెనక్కి తిప్పి తీసుకుపోయాడు.

రామకోటేశ్వరరావు కుదేలైపోయాడు. “నా వల్ల కాదమ్మా. దానికి నేనంటే భయం పోదు,” అన్నాడు.

“భయం దానిది కాదండీ,” అంది డయానా. “నాన్న కాళ్ళు బిగిస్తన్నాడు. మీ దగ్గరకొచ్చేసరికి ఒళ్ళంతా కర్రలా చేసుకుంటన్నాడు. పైనున్న మనిషి బిగుసుకుంటే కింద అదీ బిగుసుకుంటది. నేను చెప్తే, నేనేం బిగియ్యలేదు, నువ్వు నాకు నేర్పుతావా అంటన్నాడు.”

అంటే గుర్రంతో ఎంత మాట్లాడినా సరిపోదు. రామకోటేశ్వరరావుకు విషయం బోధపడింది. బోధపడ్డాక ఆ రోజు అన్నం సహించలేదు. తప్పు ఒప్పుకోవడం ఆయన వంటికి పడని పని. తను ఒప్పుకోకపోతే ఎల్లుండి ఆ గుర్రం వ్యాను ఎక్కుతుంది. పదకొండు మంది పిల్లలు వేరే ఏదో క్లాసులో చేరతారు, డయానా ఏ షాపులోనో బిల్లులు కొడుతుంది. వీటన్నిటికీ మూలం విప్పని తన నోరు.

శనివారం వెళ్ళాడు. గుర్రం పది గజాల దగ్గర ఆగింది. బుల్లెట్ డుగ్ డుగ్మంటోంది. డయానా గట్టు మీద కూర్చుని ఉంది. రామకోటేశ్వరరావు హెల్మెట్ తీశాడు.

“స్టెల్లా, నీకొకటి చెప్పాలమ్మా. మా సుస్మిత పెళ్ళికి ఊళ్ళో ప్రతి గడపా నేనూ కనకలక్ష్మీ ఎక్కాం. వీళ్ళ గడప ఎక్కలేదు. బొట్టు పెట్టుకోరుగా, వెళ్ళి ఏం చేస్తాంలే అన్నాను. ఇన్నేళ్ళూ అందరికీ అదే చెప్పాను. అది అబద్ధం. మా వియ్యంకులవాళ్ళు ఈయనెవరు, ఏమవుతాడు అని అడుగుతారని జంకాను. వీడొస్తే నా పక్కనే కూర్చోబెట్టుకోవాలి. కూర్చోబెట్టుకుంటే వాళ్ళేమనుకుంటారోనని. పిలిచానని చెప్పుకోవటానికి ఉండాలి, వాడు రాకుండా ఉండాలి. అందుకని కార్డు డ్రైవరుతో పంపాను.”

ఇంజన్ చప్పుడులో చివరి మాటలు వినబడ్డాయో లేదో ఆయనకు తెలియలేదు.

“గుర్రానికెందుకురా చెప్తన్నావు?” అన్నాడు జయపాల్. తొమ్మిదేళ్ళ తరవాత మొదటి మాట అది. “పెళ్ళికి రానిది అదా?”

“నీకే చెప్తన్నా.”

“నాకైతే నా మొహం చూసి చెప్పు.”

రామకోటేశ్వరరావు తలెత్తి చూశాడు. “తప్పు చేశాన్రా జయపాలా. నీ విషయంలో నీచంగా ప్రవర్తించా.”

జయపాల్ పగ్గం వేళ్ళ మధ్య అటూ ఇటూ జరుపుకున్నాడు.

“కార్డు వచ్చిన రోజు నాకు కోపం రాలా,” అన్నాడు చివరికి. “పెళ్ళిపనులు, తీరిక లేక పంపాడులే అనుకున్నా. పెళ్ళి రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని వరండాలో కూర్చున్నా. నువ్వొస్తావని కాదు. హడావిడిలో ఉంటావు, నాకు తెలీదా? ఎవణ్ణో ఒకణ్ణి పంపి, వీడింకా రాలేదేంటిరా అని అడిగిస్తావనుకున్నా. మధ్యాహ్నం మూడింటికి ఎలిజబెత్ వచ్చి, ఇంక చొక్కా విప్పెయ్యండి, అన్నం తిందురుగాని అంది. మా ఆవిడ ముందు ఆ చొక్కా విప్పానే, అదిరా నాకు పోనిది.”

రామకోటేశ్వరరావుకు కళ్ళు నిండాయి. తుడుచుకోలేదు. ఆ మనిషి వరండాలో కూర్చున్న ఆరేడు గంటలూ తను పెళ్ళిపందిట్లో పన్నీరు చల్లుతూ, ‘జయపాల్ రాలేదేం?’ అని అడిగినవాళ్ళకు, ‘పిలిచాను, రాలేదు మరి’ అని చెబుతున్నాడు. అది గుర్తొచ్చి ఆయనకు తన మీద తనకే అసహ్యం వేసింది.

“నాన్నా,” అంది డయానా నెమ్మదిగా. “చూడు.”

ఇద్దరూ చూశారు. ఎప్పుడు నడిచిందో ఎవరూ గమనించలేదు. స్టెల్లా బుల్లెట్ దగ్గరకొచ్చి హ్యాండిల్ వాసన చూస్తోంది. జయపాల్ కాళ్ళు దాని పొట్టకు రెండు వైపులా వదులుగా వేలాడుతున్నాయి. ఇంజన్ మోగుతూనే ఉంది.

“కదలకు,” అన్నాడు జయపాల్. రామకోటేశ్వరరావు ఊపిరి కూడా బిగబట్టాడు. గుర్రం ముక్కుతో ఆయన చేతిని ఒకసారి నెట్టి, తల దించుకుని గడ్డి కొరుక్కుంది.

“ఫస్ట్ గేర్‌లో పక్కనే నడుపు. కాస్త ఎడంగా. నోరు మాత్రం ముయ్యకు. మన మాటలు దాని చెవిన పడతా ఉండాలి,” అన్నాడు జయపాల్.

“నేను చెప్పాల్సింది అయిపోయిందిరా.”

“నాది అవలేదు.”

అక్కణ్ణించి మొదలుపెట్టాడు. ఆ కట్ట మీద అంతకుముందు ఎవరూ వినని తిట్లు. మిలటరీలో నేర్చుకున్నవి కొన్ని, ఊళ్ళోవే కొన్ని. ఆసుపత్రిలో ఉన్నావని తెలిసి గేటు దాకా వచ్చి వెనక్కెళ్ళానని, లోపలికి రావడానికి మొహం చెల్లకుండా చేసింది నువ్వేనని తిట్టాడు. ఎదురొచ్చిన పాలవాళ్ళు బండ్లు గడ్డిలోకి దించి, ఇంజన్లు నెమ్మది చేసి, ఇద్దరినీ నోరెళ్ళబెట్టి చూశారు. రామకోటేశ్వరరావు ప్రతి తిట్టుకూ “ఊఁ” కొడుతూ, గేరు మార్చకుండా, గుర్రం అడుగుకు అడుగు కలుపుతూ నడిపాడు. ఇంత హాయిగా ఆయన ఆ దారిన వెళ్ళి తొమ్మిదేళ్ళయింది. స్టెల్లా ఒక్కసారి కూడా బెదరలేదు. దానికి ఒక చెవి తిట్ల మీద, ఒక చెవి చేల మీద.

కంకిపాడు వంతెన దగ్గర జయపాల్ గుర్రాన్ని ఆపి, జేబులోంచి ఫోన్ తీశాడు. “నమస్తే అండీ. రేపు మీరు రావక్కర్లేదండీ. లేదండీ, రేటు గురించి కాదు. గుర్రం అమ్మటం లేదు,” అని చెప్పి పెట్టేశాడు.

రామకోటేశ్వరరావు ఇక వెళ్ళాలా, ఉండాలా తెలియక బండి మీద అలాగే కూర్చున్నాడు.

“రేపు ఆదివారం, నాకు చర్చి ఉంది,” అన్నాడు జయపాల్, కళ్ళాలు సరిచేసుకుంటూ. “ఎల్లుండి ఆరింటికి కట్ట మీదకు రా. నీ మీద నాకు కోపం ఇంకా సగం కూడా దిగలా.”

“వస్తాను,” అన్నాడు రామకోటేశ్వరరావు.